ఉమ పెళ్లి క్యాసెట్

నూజివీడులో పెళ్లిళ్లకి వీడియో తీసే పాండురంగారావు ఆ మధ్యాహ్నం మామిడికాయల వ్యాపారి నారాయణరావు గారి అరుగు మీద కూర్చున్నాడు. వాళ్లమ్మాయి ఉమ పెళ్లయి మూడు నెలలైంది. ఎడిటింగ్ అవుతోందంటూ క్యాసెట్ ఇవ్వకుండా దాటేస్తున్నాడు. అందుకే వాళ్లు అడక్కముందే కబుర్లందుకున్నాడు.

"మామూలు ఎడిటింగ్ కాదండీ ఇది. రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి, ఏ క్యాసెట్లో కౌంటరు ఏ నంబరు దగ్గర ఏ ముక్కుందో నోట్సులో రాసుకున్నాను. జీలకర్రబెల్లం కావాలా, నూట నలభై. అప్పగింతలా, తొమ్మిదొందలు."

ఇంతవరకూ నిజమే. నారాయణరావు గారు తలూపారు. కాయల లోడు కోసం కాచుకున్న లారీ డ్రైవరు రాయప్ప కాస్త ముందుకి జరిగాడు. వినేవాళ్లు ముందుకి జరిగితే పాండురంగారావు నోరు ఆగదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగొందల క్యాసెట్లాయె, నోట్సు చాల్లేదు, మద్రాసు నుంచి కంప్యూటర్ తెప్పించాను, హనుమాన్ జంక్షన్లో దాన్ని దించడానికి పదహారుమంది పట్టారు, ఇప్పుడు క్యాసెట్లన్నీ దాని కడుపులోనే, 'ఏడుపు' అని కొడితే చాలు, జిల్లాలో ఏడ్చిన పెళ్లికూతుళ్లంతా వరసగా తెర మీదకొస్తారు."

మామిడికాయలు కూడా చూపిస్తుందా అని రాయప్ప అడిగాడు. చూపించడమేంటి, రసమో బంగినపల్లో వాసన చూసి మరీ చెబుతుందన్నాడు పాండురంగారావు. రెడ్డిగూడెం పెళ్లిలో చెప్పులు పోతే పోలీసులు జీపేసుకొచ్చి ఈ మెషిన్నే అడిగారట. దొంగ కెమెరాకి వీపు పెట్టి నడిచాడట, అయినా అది వాణ్ణి ఇటు తిప్పి మొహం చూపించిందట.

"అంతెందుకండీ, కెమెరా తియ్యని ముక్క కూడా తీసిపెడుతుంది" అనేశాడు ఊపులో.

టీ తెచ్చిన నారాయణరావు గారి భార్య పుష్పావతి గుమ్మంలోనే ఆగింది. "అయితే ఉమకి తాళి కట్టిన ముక్క తీయించండి అన్నయ్యగారూ. అప్పుడు మీ కెమెరాకి మూత పెట్టే ఉంది. నేను చూసి చెప్పేలోపే మూడు ముళ్లూ పడ్డాయి."

ఆ నల్లటి ముక్కని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశాడో పాండురంగారావుకే తెలుసు. మేళం వినిపిస్తుంది, అంతే.

"అక్షింతలు పడతాయని మూత పెట్టాను చెల్లెమ్మా. చిన్నప్పట్నుంచీ ఎరిగిన పిల్ల కదా, తియ్యడం మర్చిపోయి, కళ్లతోనే చూస్తూ ఉండిపోయాను."

పుష్పావతి కోప్పడలేదు. తుంటి విరిగి పెళ్లికి రాలేకపోయిన అత్తగారు, లోపలి గదిలో మంచం మీద, ఆ ముక్క కోసమే రోజులు లెక్కబెడుతున్నారని చెప్పింది. "చూసింది మీరేగా. మీరే వచ్చి ఆవిడకి చెప్పండి. ఉన్నది ఉన్నట్టు."

మర్నాడు పొద్దున్నే ఆయన క్యాసెట్టూ వీసీఆరూ పట్టుకొచ్చాడు. తెర నల్లబడి మేళం అందుకోగానే ముసలావిడ మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏడ్చిందా నాయనా?" అని అడిగిందావిడ.

"లేదండీ. మొదటి ముడి జారిపోయి పెళ్లికొడుకు తడబడితే, తలొంచుకుని నవ్వు ఆపుకుంది. మూడో ముడి పడ్డాక మాత్రం మీరొచ్చారేమోనని గుమ్మం వైపు చూసింది."

గుమ్మంలో నిలబడ్డ పుష్పావతి ఒక్క మాట కూడా దిద్దలేదు.