నువ్విచ్చిన ఫ్రిజ్

హలో… ఆ, నేనేరా చిన్నా, బావని.

…లేదు లేదు, అందరం బాగానే ఉన్నాం. మీ అక్క కూడా. అంటే… ఇందాకటి దాకా బాగానే ఉంది.

…చెప్తా. ముందు నువ్వు కొనిచ్చిన ఆ వైన్ ఫ్రిజ్ ఏ కొట్లో కొన్నావో చెప్పు. తీసుకెళ్లి వాడి గుమ్మంలో పడేసి వస్తా.

…మంచిదే, కాదన్నానా? నల్లద్దం, నీలం లైటు, నగల కొట్టులా ఉంటుంది. మొదట్లో నేనూ మురిసిపోయాను. సీసా తీస్తే చేతికి హాయిగా, సరిగ్గా ఎంత చల్లగా ఉండాలో అంత చల్లగా… ఆ సుఖం కాదనను.

…రాత్రి అప్‌డేట్ అయిందట. నన్నడిగిందా, మీ అక్కనడిగిందా? పొద్దున్న చూస్తే ఫోన్లో తలుపు తెరిచే బటనే లేదు. ఇకమీదట యజమాని గొంతు వింటేనే తెరుచుకుంటుందట. భద్రత కోసమట. ద్రాక్షరసానికి భద్రతేంట్రా, రోత కాకపోతే.

…నా గొంతు కాదు. తెచ్చి బిగించిన రోజు, గొంతు గుర్తుపట్టడానికని దానితో ఎవరిని మాట్లాడించావు? గుర్తు తెచ్చుకో. "అక్కా, బళ్లో నీ గొంతు పక్క క్లాసుకి కూడా వినపడుతుంది, నువ్వు చెప్పు" అన్నావు.

…ఆ. గొంతు ఆపరేషన్‌కి ముందు. అదీ సంగతి.

…ఉండు, కాస్త మెల్లగా మాట్లాడతా. పక్క గదిలోనే ఉంది.

…ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాం. గొంతు బాగా మానింది, ఇక భయం లేదు, ఓ గ్లాసు తాగితే తాగు అంది. దారంతా మీ అక్క మాట్లాడుతూనే వచ్చింది చిన్నా. ఆ బొంగురు గొంతుతోనే. అడ్డమొచ్చిన కారువాణ్ణి తిట్టింది కూడా. ఎన్నాళ్లయిందో మీ అక్క తిట్టు విని… చెవుల్లో అమృతం పోసినట్టుంది.

…అదేరా, ఆ ఎర్ర వైన్ సీసా. మేం చూడ్డానికెళ్లిన ద్రాక్షతోటాయన తన చేత్తో కాగితం చుట్టి ఇచ్చాడు చూడు. అక్కడ రుచి చూసినప్పుడు ముందు నల్లద్రాక్ష వాసన, వెనకాలే కాస్త కాలిన చెక్క వాసన… ఇద్దరం ఇంకో గుక్క అడిగి మరీ తాగాం. ఆపరేషన్ ముందు రోజు కూడా అదే అడిగింది. మానాక తాగుదాంలే అన్నాను.

…ఏమవుతుంది? గ్లాసులు తనే కడిగి తుడిచింది. ఫ్రిజ్ ముందు నిలబడి "తెరువు" అంది. "క్షమించండి, మీరెవరో గుర్తించలేకపోతున్నాను" అంది అది. ఎంత తియ్యగా అందో, నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ అంది. మళ్లీ అదే. ఇంకోసారి గట్టిగా అనబోతే దగ్గొచ్చింది. అంతే, ఎవరో బయటి మనిషని ఎర్రలైటు వేసుకుని, తాళం బిగించుకుని కూర్చుంది. తన ఇంట్లో, తన వంటగదిలో, తనే బయటి మనిషి.

…గ్లాసులు అల్మారాలో పెట్టేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

…పీకాను. ప్లగ్ పీకినా తాళం తాళమేనట. కంపెనీకి ఫోన్ చేశాను… మనిషే లేడు. ఒకటి నొక్కు, రెండు నొక్కు, చివరికి మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అంటుంది. నోటికొచ్చినవన్నీ ఇచ్చాను.

…ఏంటి? మీ అక్క పాత వాయిస్ మెసేజ్ దానికి వినిపించాలా? …నీ పుట్టినరోజుకి పెట్టిందా… "పార్సిల్ తెరువురా" అని.

…వద్దు.

…వద్దంటుంటే. తెరుచుకుంటుంది, నాకు తెలుసు. తెరుచుకుంటే ఇంకా అసహ్యం. ఆ పాత గొంతు ఈ ఇంట్లో మోగాలి, దానికి ఆ డబ్బా సలాం కొట్టాలి, ఈ గొంతుని మాత్రం నువ్వెవరు అనాలి… గోడ అవతల మీ అక్క వింటూ ఉండాలి. అంతేనా?

…నీమీద కోపం కాదు. …సరే, కాస్త ఉంది. చెప్పేస్తున్నా. ఆపరేషనయ్యి మాట వచ్చాక ఆస్పత్రి నుంచి మొట్టమొదట నీకే చేసింది, అక్కడి ఫోన్లోంచి. "చిన్నా" అంది. నువ్వు "రాంగ్ నంబరండీ" అని పెట్టేశావు.

…తెలుసు. తెలుసురా, నిద్రలో ఉన్నావు. తర్వాత ఏడ్చావనీ తెలుసు. కానీ ఆ రోజు నుంచి మీ అక్క ఎవరికీ ఫోన్ చేయలేదు. నీకైనా మెసేజులే కదా? ఇవాళ చేస్తానంది. ఓ గ్లాసు తాగి, ధైర్యం తెచ్చుకుని, చిన్నాతో మాట్లాడతానంది. ఇప్పుడు చూడు…

…ఉండుండు. ఏదో చప్పుడు.

…వంటగదిలో. చూస్తా ఉండు —

…ఓరి నాయనో. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఫ్రిజ్ పక్కన చతికిలబడింది. తలుపు బందులు ఊడదీస్తోంది. తాళం ఈ వైపు కదా, అటు నుంచి… నా బుర్రకి తట్టనే లేదు.

…ఆ, దాన్ని ఏదో అంటోంది. నీకు చెప్పకూడదులే, చిన్నవాడివి.

…నేనా? పట్టుకుంటున్నా, పట్టుకుంటున్నా… అద్దం, అద్దం… మెల్లగా… ఆ. వచ్చేసింది.

…చిన్నాయే. లైన్లోనే ఉన్నాడు.

…ఒరేయ్, ఫోన్ ఇటివ్వమంటోంది. వైన్ తర్వాతట. ముందు నువ్వట.

…ఏడవకురా, తను మాట్లాడేది వినపడదు నీకు. స్పీకర్ పెట్టి బల్ల మీద పెడుతున్నా. నేను సీసా సంగతి చూస్తా.

…ఒక్కటే చెప్తున్నా. ఎవరండీ అని మాత్రం అడగకు.