చెనిక్కాయలు తేనోళ్లు

అట్ల చూడొద్దు ఆరీఫమ్మా. పొద్దున మడకశిరలో జీపెక్కినప్పటి నుంచీ ఒక మాట లేదు, పలుకు లేదు. తిట్టేదుంటే తిట్టు. సూది వేసేముందు 'కొంచెం నొప్పి' అని చెప్తారు కదా డాక్టర్లు? నువ్వు అదీ చెప్పకుండా ఆ చూపుతోనే పొడుస్తాండావు.

లింగప్ప ఏం తప్పు మాట్లాడినాడు, చెప్పు?

ఏందా నవ్వు? అవును, లింగప్ప తన గురించి చెప్పుకునేటప్పుడు లింగప్ప అనే అంటాడు. రాజులు అట్లనే అనేవాళ్లంట. 'నేను' అని ఊర్లో ప్రతివాడూ అంటాడు. లింగప్ప ఒక్కడే ఉండాడు.

నిన్న జరిగింది అంత పెద్ద ఘోరమా? ఆ దొరసానమ్మ సముద్రాలు దాటి వచ్చింది. పాము కరిచినోళ్లను ఆసుపత్రికి చేర్చేదానికి ఎంతసేపు పడతాది, దార్లో ఏమైతాది, తర్వాత ఏమైతాది అని నువ్వు చేయాలనుకున్న పరిశోధన ఉండాదే, దానికి దుడ్లిచ్చేదా లేదా అని చూసిపోయేదానికి వచ్చింది. నువ్వేమో లింగప్పను పిలిపించి, "ఈ పక్క పాము కరిచినోళ్లందరినీ నీ జీపులోనే కదా తాతా తీసుకపోయేది, జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నావు. ఆయమ్మ అడిగింది. నువ్వు తెలుగులోకి తిప్పేలోపలే లింగప్ప ఇంగ్లీషులో చెప్పేసినాడు.

"వన్ అవర్, మేడం. నో డెత్."

చిన్నప్పటి నుంచి దాచిపెట్టుకున్న ఇంగ్లీషమ్మా అది. అంత దూరం నుంచి వచ్చినామె ముందర మన తాలూకా పరువు తీసుకుంటామా?

ఆయమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "అట్లయితే దుడ్లెందుకు మీకు?" అనిందంట. అనిందని రాత్రి నువ్వు చెప్తేనే కదా లింగప్పకు తెలిసింది.

గడియారం చూడొద్దు తల్లీ. దొరసానమ్మ వాళ్లు అనంతపురం పెద్దాసుపత్రి నుంచి బయల్దేరేది పన్నెండుకు కదా, అంతలోపల పట్టుకుందాం. లింగప్ప స్టీరింగు పట్టినాడంటే పెనుకొండ కొండ పక్కకు జరిగి దారిస్తాది. ఒగసారి రొళ్ల పక్క ఒకామెను రక్తపింజర కరిచింది. జీపు తీసినాడు లింగప్ప. ఎంత వేగమంటే, వెనకాల లేసిన దుమ్ము మూడు దినాలు కింద పడలేదు. దాన్ని చూసి మబ్బు పట్టిందనుకోని రైతులు విత్తనాలు బయటికి తీసినారు. ఇంకోసారి ట్యాంకులో డీజిలు అయిపోయింది. వాసన మిగిలుండాది. ఆ వాసన మీదనే అనంతపురం చేర్చినాడు.

యో, గొర్రెలు. ఏమప్పా, మందను కాస్తాండావా, మందే నిన్ను కాస్తాందా? పక్కకు తోలుకో సామీ, డాక్టరమ్మకు తొందరుండాది. ఊహూ. ఇవి హారనుకు కదలవు. ఆఖరి గొర్రె దాటేవరకు ఆగాల్సిందే.

ఏమన్నావు? రొళ్ల ఆమెను తీసుకపోయేటప్పుడు కూడా గొర్రెలు అడ్డం వచ్చుంటాయి కదా అంటావా? వచ్చుంటాయి. జీపును ఎగిరించినాడు లింగప్ప. పో, ఇంగేమన్నా అడుగు.

నిన్ను చూస్తే నవ్వొస్తాది తల్లీ. అరచేతిలో టెంకాయ పెట్టుకోని చేనంతా తిరిగి భూమిలో నీళ్లు యాడుండాయో చూస్తాడు చూడు, వాని మాదిరే నువ్వు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకోని దేశాలన్నీ తిరుగుతాండావు, యాడన్నా టెంకాయ లేసి నిలబడదా అని. మొదట నువ్వు దుడ్లు అడిగినోళ్లు పాము మా పద్దులో లేదన్నారు. తర్వాతోళ్లు ఇంకో దేశంతో కలిసి చేస్తేనే ఇస్తామన్నారు. ఆఫ్రికాలో ఒక డాక్టరును వెతికి పట్టుకున్నావు. ఆడా కరువే, ఆడా పామే, జాతకాలు బాగా కుదిరినాయి. అప్పుడేమన్నారు? ఎంతమంది చచ్చిపోతాండారో లెక్క చూపిస్తే, ఆ లెక్క కనుక్కునేదానికి దుడ్లిస్తామన్నారు. నీళ్లు చూపిస్తే బోరుకు అప్పిస్తామన్నట్టు.

ఇన్నాళ్లకు ఒకామె మన చేను కాడికే వచ్చింది. ఆమె ముందర లింగప్ప నిలబడి, ఈడ నీళ్లు పొంగి పొర్లుతాండాయి తల్లీ, నువ్వు పోయిరా అన్నాడు.

అంతే కదా నీ కోపం? తెలుసులే. మీసం నెరిసింది కానీ బుర్ర నెరవలేదు.

చూసినావా, రైలు గేటు కూడా ఇప్పుడే పడాల్నా. ఇంజను ఆపుదాం, డీజిలు దండగ.

ఏమంటివి?

చావలేదమ్మా. లింగప్ప జీపులో ఒక్క పాణం కూడా పోలేదు. ఆంజనేయుని మీద ఒట్టు. పెద్దాసుపత్రి గేటు కాడ దించేవరకు అందరికీ ఊపిరి ఉండాది.

తర్వాతనా? తర్వాత ఏంది తర్వాత. తర్వాత మీ డాక్టర్ల పని.

ఉండు, రైలు పోనీ. ఈ మోతలో ఏం వినపడతాది.

బతికినోళ్లు చెనిక్కాయలు తెస్తారమ్మా. చేన్లో చెట్టు పెరికినప్పుడు ఒక గంపెడు, పచ్చివి, మన్ను కూడా దులపకుండా తెచ్చి వాకిట్లో దించుతారు. "లింగప్పన్నా, నీ పుణ్యాన ఈ పంట చూసినా" అని. అవి ఉడకేసుకోని తింటా ఊరందరికీ చూపించేవాడు లింగప్ప. ఇదిగో ఈ కాయ అమరాపురం పాణం, ఇది గుడిబండ పాణం అని.

తేనోళ్లు ఉండారు. ఎందుకు లేరు? తేకపోతే, ఆ ఏడు వాన పడలేదేమో అనుకునేవాడు. పూత రాలిపోయిందేమో, పంది తొక్కిందేమో. మన జిల్లాలో చెనిక్కాయలు తేకపోయేదానికి కారణాలు తక్కువా?

వాన బాగా పడిన ఏడు కూడా అట్లనే అనుకున్నాడు.

గేటు లేసింది. పోదాం పట్టుకో.

పెద్ద రోడ్డు ఎక్కినప్పటి నుంచీ చూస్తానే ఉండాడు లింగప్ప, కోపం చూపు కాదులే ఇది. దీనికన్నా ఆ పొడిచే చూపే మేలు.

ఇదిగో, వచ్చేసినాము. చూడు ఇంగ గడియారం, బాగా చూడు. పొద్దున టిఫను తిని బయల్దేరినోళ్లం, పన్నెండు కావస్తాంది. నిన్ను పాము కరవలేదు కాబట్టి ఆకలి మాత్రమే అయితాంది.

ఈ గేటు కాడ దించి, అట్లనే బండి తిప్పేవాడు లింగప్ప. ఇంజను కూడా ఆపేవాడు కాదు. ఆపితే లోపల నుంచి ఎవరన్నా వచ్చి ఏమన్నా చెప్తారని. ఇన్నేండ్లలో లోపల ఏ పక్క ఏముండాదో చూసింది లేదు.

అదిగో, కారులో సామాన్లు పెడతాండారు. దొరసానమ్మ ఎక్కలేదు ఇంకా. 'వన్ అవర్' సంగతి ఈ జీపే చెప్తాది. 'నో డెత్'కు మాత్రం ఇంగ్లీషు చాలదు తల్లీ. నేను తెలుగులో చెప్తా, నువ్వు తిప్పు. బతికినారో లేదో నాకు తెలీదని చెప్పు. నేను ఎప్పుడూ అడగలేదని, అడిగేదానికి భయమని చెప్పు. చెనిక్కాయలు తేని ఇండ్లు మాత్రం ఒక్కటి కూడా మరిచిపోలేదని, నిన్ను అన్నింటికీ తీసుకపోతానని చెప్పు.

మధ్యలో ఆ దుమ్ము కథ ఒక్కటి చెప్తే ఏమన్నా పోతాదా?

సరేలే, చెప్పను. ఇంజను ఆపేసినా. దిగు.