దివాకర్ పీకేసిన కింది పట్టీ

ధర్మవరంలో కరెంటు పోతే మగ్గాలు ఆగవు. దివాకర్ డిజైన్ల అంగడి మాత్రం ఆగుతుంది. ఆ సాయంత్రమూ అంతే, కరెంటు పోయింది. బల్ల కింది బ్యాటరీ పెట్టె కాసేపు మూలిగి పడుకుంది, కంప్యూటర్ కన్ను మూసింది. లోపలివాళ్లంతా అంగడి ముందరి అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ఎదుటి హోటలు నుంచి టీ వచ్చింది.

అక్కడున్నవాళ్లలో తిమ్మక్క పెద్దది. పాత పట్టుచీరల అంచులు ఆమెకు నోటికి వచ్చు. ఏ వరుసలో ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో ఆమె చెబుతుంటే, అంగడిలో పనిచేసే అరుణజ్యోతి కంప్యూటర్లో గళ్లు నింపుతుంది. ఆ పనికోసమే తిమ్మక్కను రోజూ పిలుస్తారు.

ఈ మధ్య తిమ్మక్కకు ఒక భయం పట్టుకుంది. మొన్న పులుసులో చింతపండు పిసికి పోసి, మళ్లీ పిసికి పోసింది. మనవరాలిని, ఎప్పుడో పోయిన చెల్లెలి పేరుతో పిలిచింది. అంచు చెబుతూ చెబుతూ తానేది చెబుతున్నదో తప్పిపోయినప్పుడు, కంప్యూటర్ తెర అడుగున ఉండే బూడిదరంగు పట్టీ వైపు ఓరగా చూసుకునేది. తెరిచిపెట్టిన అంచుల పేర్లన్నీ అక్కడ నూలు కండెలు పేర్చినట్టు వరుసగా ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలే, కానీ ఏ రూపు ఏ అంచుదో ఆమె గుర్తుపెట్టుకుంది. అప్పుడు చేస్తున్న అంచు పేరు కాస్త లోపలికి నొక్కినట్టు కనిపిస్తుంది. అది చూసి దారిలో పడేది. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

దివాకర్ టీ ఒక గుక్క తాగి, "కరెంటు రానీ, ఆ కింది పట్టీని కనపడకుండా దాచేస్తా" అన్నాడు.

తిమ్మక్క చేతిలో గ్లాసు నోటిదాకా పోయి ఆగింది.

"ఏమప్పా, అది నిన్నేం చేసె?" అన్నాడు వెంకటప్ప. మగ్గం దిగి టీకోసం వచ్చిన నేతగాడు.

"ఏం చేసిందా?" దివాకర్ చావు కబురు చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు. "అంచు అడుగు వరుసలన్నీ మింగేస్తాంది గదన్నా. దాంతో నాకు ఈ పొద్దుటి పగ కాదు. కంప్యూటర్ కొన్న కొత్తలో ఒకనాడు పట్టుకొని ఎడమ పక్కకు లాగినా, వచ్చె. వస్తే పేర్లన్నీ కురచై సగం సగమే కనపడతాండాయి. కుడికి లాగినా, గడియారం వచ్చి నా చేతికి అడ్డం కూర్చునె. పైకి లాగినా, అది నెత్తిన గంప పెట్టినట్టుండె. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందన్నా?" అరుణజ్యోతి నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"నాకు రేగింది. రెండు చేతుల్తో పట్టి గుంజినా. నమ్మితే నమ్ము లేకుంటే లే, పట్టీ ఊడి బల్ల మీద పడె. మూరెడు పొడుగు, ఇంకా వెచ్చగా ఉండాది. గడియారం ఒక కొసన కొట్టుకుంటానే ఉండాది."

"తెరకు బొక్క పడలేదా?" అన్నాడు వెంకటప్ప.

"పడె. చూసేదానికి బెంగళూరు నుంచి ఇంజినీర్లు కార్లేసుకొని వచ్చిరి. 'సార్, మావల్ల కాంది మీరెట్ల పీకితిరి' అని మొక్కిరి. అది వాళ్లకిస్తానా నేను? మగ్గానికి కట్టి చీరెలో కలిపి నేయిస్తి. కొంగు కొసన పట్టీలోని స్టార్ట్ గుండీ పడె. ఆ చీరె పెనుకొండలో ఒక పెండ్లికి పోయె. పెండ్లికూతురు పీట మీద కూర్చుంటా కూర్చుంటా తెలీక గుండీ నొక్కె. నొక్కితే ఆ చీరెలోనుంచి ఇంకో చీరె, దాంట్లోనుంచి ఇంకోటి, పందిలి దాటి, ఊరు దాటి, సోమందేపల్లె కాడ హైవే మీద లారీలన్నీ నిలిచిపాయె."

"చుట్టుకునేదానికి జనం చాలినారా?" అంది అరుణజ్యోతి.

"యాడ చాల్తారు? నేనే పోయి చీరెలోనుంచి పట్టీని పీకి ఆకాశానికి విసిరినా. ఆడనే పండుకొనె. ఒక కొస విడపనకల్లు మీద, ఇంకో కొస తనకల్లు మీద. జిల్లా అంతా నీడ. రైతులు వాన మోడం పట్టిందని చెనిక్కాయ విత్తనం వేసిరి."

"వాన పడిందా?" వెంకటప్ప అడిగాడు. ఆ అడగడంలో ఎగతాళి లేదు. అరుగు మీదివాళ్లు మోడం కోసం వెతికినట్టు పైకి చూశారు. ఎదురుగా వీధిలో దుమ్ము లేచి మళ్లీ పడుకుంది.

"పడకేం," అన్నాడు దివాకర్, అది చూసి మరింత పొంగి. "నేను కింద నిలబడి గుండీ నొక్కినా. చెరువులు తెగినాయి."

"ఏ ఏడప్పా అది? మేం నిద్రపోతాంటిమేమో," అన్నాడు వెంకటప్ప.

"ఆ పొద్దుటినుంచి నాకు పట్టీతో పని లేదన్నా. వెయ్యి అంచులు తెరిచినా నా తలలోనే ఉంటాయి. పట్టీ చూసి పనిచేసేటోళ్లకు తల చెడినట్టే. అట్లాంటోళ్లు ఇంట్లో కూర్చునేదే మేలు."

అతను టీ గ్లాసును చూస్తూ అన్నాడు, తిమ్మక్కను చూసి కాదు. అయినా ఆ మాట ఆమెకే తగిలింది. ఊరుకుంటే రేపటినుంచి పట్టీ ఉండదు. నాలుగు రోజులు గడిచేలోగా తన సంగతి బయటపడుతుంది. నోరు తెరిచి తప్పు చెబితే ఇప్పుడే బయటపడుతుంది. గ్లాసు కింద పెట్టింది.

"దివాకరా, కరెంటు పోయేటప్పుడు లోపల ఏమేం తెరిచింటిమి?"

"అదేముంది పెద్దమ్మా. గోపురం అంచు... హంసలు... చానా ఉండాయిలే."

"చానా యాడివి?" తిమ్మక్క అరుగు మీది దుమ్ములో వేలితో అడ్డంగా ఒక గీత గీసింది. "ఈ కొసన గోపురం. పక్కన రుద్రాక్ష. ఆ పక్కన..."

వేలు ఆగిపోయింది. ఆమె తలలో ఆ పక్కన ఏమీ లేదు. వెంకటప్ప ఆమె ముఖంలోకి చూశాడు. అరుణజ్యోతి చెప్పబోయి పెదవి కొరుక్కుంది. తిమ్మక్క పేరుకోసం వెతకడం మానేసి కళ్లు మూసుకుంది. మూసిన కళ్ల ముందు బూడిదరంగు పట్టీ వచ్చి నిలబడింది.

"మామిడిపిందె," అంది. "దాని పక్కన జంటహంసలు."

"అవునవ్వా, అవే!" అంది అరుణజ్యోతి.

"నేనూ అవే చెప్పబోతాంటి," అన్నాడు దివాకర్.

"ఇంకోటుండె నాయనా. హంసలకూ గడియారానికీ నడుమ, పేకముక్కల బొమ్మది. రోజూ నువ్వాడుకునే పేకాట. అది మా కంటపడకూడదనేనా పట్టీ దాస్తాననేది?"

వెంకటప్ప నోట్లోని టీ అరుగంతా పడింది. అరుణజ్యోతి గోడకు ఆనుకుని పడీపడీ నవ్వింది. దివాకర్ ఖాళీ గ్లాసు ఎత్తి, అందులో ఇంకా ఏదో ఉన్నట్టు తాగాడు.

లోపల ఫ్యాను కదిలింది. దివాకర్ లేచి గడప దగ్గర ఆగాడు. "పట్టీ ఆడనే ఉండనీలే పెద్దమ్మా," అన్నాడు.

తిమ్మక్క నవ్వలేదు. వేలు మళ్లీ గీత మొదటికి తెచ్చి, పెదవులు మాత్రమే కదిలిస్తూ వరుస చెప్పుకుంది. ఈసారి రుద్రాక్ష దగ్గర ఆగలేదు.