హెన్రీ కోడికి నేనేసిన బొమ్మ

"అమ్మమ్మా, నేను పుట్టినప్పుడు నువ్విక్కడ మ్యూజియంకి బొమ్మలు పెయింట్ చేశావంట? డాడీ చెప్పాడు."

చెప్పిండా? సగమే చెప్పుంటడు. కూసో.

గదీ... ఎనభై రెండుల, కాదు, ఎనభై మూడుల. మీ అమ్మ పురుటికని అమెరికాల ఈ క్యారీ ఊరికి వచ్చిన. ఇక్కడ పాత కొట్టాల కప్పుల మీద రేకు కోళ్లు, రేకు గుర్రాలు ఉంటుండె, గాలి ఎటు కొడితే అటు తిరుగుతయి. ఊరోళ్లు చేతులతోని చేసుకున్నయి. ఫోటో తీస్తే నల్లమచ్చ తీరు పడుతున్నయని, మ్యూజియమామె ఒక్కొక్కటి దింపించి నీళ్లరంగుల బొమ్మలేయిస్తుండె. నాకు సంతకం తప్ప చదువు రాదు గానీ, మా నాయనది నకాషీ పని, గుడ్డ మీద కథలకు బొమ్మలేసేటోడు. ఉడుత వెంట్రుకల కుంచె నా చేతికిచ్చి నేర్పిండు. ఇక్కడియి ఏం కుంచెలు, చీపురు పుల్లలు!

సరే, హెన్రీ అని ఒక ముసలాయన. ఆయన రేకు కోడి నా వంతుకొచ్చింది, వాళ్ల నాయన కత్తిరించి చేసిందట. తోక కొస విరిగింది, రెక్క కింద తుపాకి గుండు బొక్క. చిన్నప్పుడు తమ్ముడు కాల్చిండట, ఆ తమ్ముడు పోయిండు. "ఉన్నది ఉన్నట్టు వేయాలంట అత్తయ్యా" అని మీ డాడీ చెప్పనే చెప్పిండు. నేనింటనా? మా ఇంట్ల విరిగిన బొమ్మ వేయరు బిడ్డా, అశుభం. తోక అతికిన, బొక్క మూసిన. ఎర్రగ, నిండుగ, ఎంత మంచిగొచ్చిందో! అప్పటికే కోడి మళ్ల కప్పెక్కింది, సరిచూసినోళ్లు లేరు.

నెల తిరగకముందే దాన్ని ఎవడో ఎత్తుకపోయిండు. పాతసామాన్ల దుకాణంల కనవడ్డది. అందరం పోయినం. నీదని గుర్తేంది అన్నడు దుకాణపాయన. రెక్క కింద బొక్క అన్నడు హెన్రీ. మ్యూజియమామె నా బొమ్మ విప్పింది. దుకాణపాయన నవ్విండు, "బొమ్మల బొక్కేది? ఇది వేరే కోడి" అని.

అందరు నా దిక్కే చూసిండ్రు. మీ డాడీ మెల్లగ అంటడు, "మీకు చూపు ఆనలేదేమో అత్తయ్యా, అదే చెప్తాలే."

చూపా? నాకా? ఆ మాట ఇప్పటికీ మర్వలే. "నా కండ్లకేం రోగం? బొక్క లేకుండె. ఉన్నదున్నట్టే వేసిన అని చెప్పు" అన్న.

చెప్పిండు, ఇంగ్లీషుల.

హెన్రీ కోపం చేయలే. ఆ రేకు బొక్కల ఒక్కసారి ఏలు పెట్టి చూసుకున్నడు. నాకు థాంక్యూ అన్నడు బిడ్డా. ఎందుకన్నడో... మేమొచ్చి కార్ల కూసున్నం. కోడి దుకాణంల్నే ఉండె.

మీ డాడీని అంట గానీ, ఆయన చెప్పింది నా అబద్ధమే గద. ఇన్నేండ్లు ఎవలకు చెప్పలే. నీది గూడ బొమ్మలేసే మంచి చెయ్యి. తప్పు చేసిన అని అక్కడికక్కడ చెప్పే నోరు గూడ దేవుడు నీకియ్యాలె. నాకేమో... సల్లగుండు బిడ్డా.