నిమ్మకాయంత కండ

హిందీ ఊళ్లోని రాజ్‌కిశోర్ నగర్, సాయంత్రం. లాస్య వాళ్ల వరండా. ఆమె ఫిజియోథెరపీ రెండో ఏడు చదువుతోంది. ఆమె దగ్గర బొమ్మ వేయడం నేర్చుకుంటున్నవాడు పక్కింటి బంగార్రాజు, రైల్వేలో బోగీల ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. భార్య అసిరమ్మ పోయి ఏడాది కావస్తోంది.

"మళ్లీ ఎందుకు చెరిపీసావు?"

"తప్పు గీశారు కాబట్టి. అక్కడ ఉబ్బు ఉండదు తాతగారూ."

"ఉంటాది."

"ఉండదు. మూడు వారాల నుంచి ఇదే చోట ఇదే ఉబ్బు. మీరు గీయడం, నేను చెరపడం. రబ్బరు అయిపోతోంది."

"అయిపోనీ. నీ చదువు కన్నా అదే నయం. అరిగినా పని చేస్తాది."

"అచ్ఛా! మీరు గీసింది మెడలా ఉందా అసలు? సొరకాయకి చెవులు పెట్టినట్టుంది."

"చెవులు నాకక్కర్లేదు. మెడ చాలు."

"మరి మొహం ఎప్పుడు గీస్తారు?"

"మొహంతో నాకేటి పని? ఇదిగో, ఈ పెద్ద కండ పేరు ఏటన్నావు?"

"స్టెర్నోక్లైడోమాస్టాయిడ్."

"కండకి పేరు పెట్టమంటే మూడు బోగీలు కప్లింగ్ చేసినట్టున్నారు."

"నిజంగా మూడే. ఛాతీ ఎముక, కాలర్ బోన్, చెవి వెనక ఎముక. కింద రెండు చోట్ల పుట్టి పైన చెవి వెనక అతుక్కుంటుంది. మెడ తిప్పితే తాడులా లేస్తుంది. బాణం గీశాను, పేరు రాయండి."

"నువ్వు రాయి."

"తెలుగులో నాకు రాదని తెలుసు కదా. హిందీలో అయితే రాస్తా."

"తెలుగింట పుట్టి తెలుగక్షరం రాదు. మనిషి మెడ మాత్రం వచ్చీసిందట. ఇలా తే పెన్సిలు. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకానే చదివాను. అయినా నా పేరు ఎవడి చేతా రాయించుకోలేదు. చెప్పు. స్టె... ఏటీ?"

"ర్నో... క్లై... ఆ. ఇప్పుడు వెనకది. ట్రెపీజియస్. పుర్రె వెనక నుంచి భుజం మీదికి వస్తుంది."

"ముందు లైను ఇది. వెనక లైను ఇది. మధ్యలో?"

"మధ్యలో గుంట."

"రెండు లైన్ల మధ్య జాగా ఊరికే వదిలీసారేటి?"

"లోపల చిన్న కండరాలు ఉన్నాయి కానీ..."

"అదిగో! ఉన్నాయన్నావు. గియ్యి."

"లోపల, తాతగారూ. లోపల. పైకి కనపడవు."

"కనపడితే? నిమ్మకాయంత?"

"నిమ్మకాయంతా? ఎవరికి?"

"ఎవరికో. మాటకన్నాను."

"నిమ్మకాయంత కండ అక్కడ పైకి రాదు."

"నీళ్లు మోసినోళ్లకి వస్తాది. ఇరవై రెండేళ్లు క్వార్టర్లో కింద కుళాయి నుంచి మూడో అంతస్తుకి మోసిన మెడ అది. నెత్తి మీదొక బిందె, చంకలో ఒక బిందె. అలాంటి మెడ మీ మాస్టారు ఎప్పుడైనా చూశాడా?"

"బరువు మోస్తే ముందుదీ వెనకదీ లావెక్కుతాయి. అప్పుడు మధ్య గుంట ఇంకా లోతుగా కనిపిస్తుంది. ఉబ్బదు."

"ఎక్కడ చూశాడు మీ మాస్టారు మెడలు?"

"శవాల మీద."

"అదీ సంగతి. శవం బిందె మోస్తాదేటి?"

"మోయదు. అబద్ధం కూడా చెప్పదు. అరే, మళ్లీ గీసేశారు ఉబ్బు!"

"చెయ్యి తియ్యి. రబ్బరు ముట్టుకోకు. ఎల్లుండి అసిరమ్మ సంవత్సరీకం. మా అబ్బాయి మనోజ్ వస్తాడు ఉస్లాపూర్ నించి. పెద్దకర్మ రోజు భోజనాల బంతి మధ్యలోంచి లేచి ఎళ్లిపోయినోడు, ఏడాదికి ఇప్పుడు గుమ్మం తొక్కుతున్నాడు. వాడి లెక్కన దాని మెడ మీద లేచింది గడ్డ. నా లెక్కన కండ. ‘ఇదిగోరా కండ, ఇదిగో దాని పేరు, ఇంక నోరెత్తకు’ అని ఈ కాగితం వాడి ముందు పడేయాలి. అందుకు నేర్చుకుంటున్నాను. నీ బొమ్మల మీద మోజుతో కాదు."

"డాక్టర్లు ఏమన్నారు మరి?"

"వాళ్లకేటి తెలుసు? క్యాన్సరన్నారు. ముందే తేవలసిందన్నారు. వాళ్లు ఎవరికైనా చెప్పే ముక్కే అది."

"మనోజ్ అంకుల్ ఏమన్నారు ఆ రోజు?"

"మీ అమ్మ గోడకి చెవి ఆనించే ఉంటాది గదా. అడుగు."

"అడిగాను. సగమే వినపడిందట. ‘అమ్మ నీకు మూడుసార్లు చూపించిందట నాన్నా’ అన్నారట."

"అబద్ధం. మూడుసార్లు కాదు."

"మరి?"

"నీకెందుకు? గీత చూడు."

"మామ్మగారు రోజూ దిండు తెచ్చి పిట్టగోడ మీద ఎండబెట్టేవారు."

"మెడ పట్టేస్తే దిండు ఎండలో ఎయ్యాలి. మీ ఇంట్లో ఎయ్యరేటి?"

"వేస్తాం. ఒక రోజు, రెండు రోజులు. మామ్మగారు హోలీ నుంచి వానలు పడేదాకా వేశారు. ఇంకా ఎందుకండీ అని మా అమ్మ అడిగితే, ‘ఆయన ఎయ్యమన్నారు’ అన్నారట."

"నవ్విందా మీ అమ్మ?"

"మొదట్లో."

"మొదట్లో అందరూ నవ్వుతారు."

"తాతగారూ, కాగితం కాసేపు వదిలేయండి. మెడ కుడివైపు తిప్పండి. ఎడమవైపు తాడులా లేచింది కదా? దాని వెనక, కాలర్ బోన్‌కి పైన వేలు పెట్టండి. ఏం తగులుతోంది?"

"నా మెడ తిన్నగా తిరగదు."

"తిరిగింది. ఏం తగులుతోంది?"

"మీ చదువులన్నీ ఇంతే. మనిషిని పట్టుకుని..."

"తాతగారూ."

"గుంట."

"నాకూ గుంటే. చూడండి. ఎవరికైనా గుంటే."

"ముప్ఫయ్యారేళ్లు సుత్తి ఎత్తినవాణ్ణి. నాకే లేదు."

"అంకుల్‌కి ఈ బొమ్మ చూపించకండి. ఏం మాట్లాడకుండా ఊరుకోండి. మూడుసార్లని ఎవరు లెక్కపెట్టారు? కోపంలో అనుంటారు."

"కాదన్నాను గదా. మూడు కాదు. అయిదు."

"అయిదా?"

"వాడికి మూడే చెప్పుకుంది. రెండు నాకోసం దాచింది. అయిదోసారి నా వేలు పట్టుకుని తనే అక్కడ పెట్టుకుంది. పేపరు చదువుతున్నాను. తలెత్తలేదు. ‘కండే. దిండు ఎండలో ఎయ్యి’ అన్నాను."

"తాతగారూ, ఇవాళ్టికి చాలు. టీ తెస్తాను."

"కూర్చో. ఆ రబ్బరు తియ్యి. ఉబ్బు చెరిపీ."

"చెరిపాను."

"గుంట గియ్యి. సరిగ్గా గియ్యి, మీ పుస్తకంలో ఉన్నట్టు."

"గీశాను."

"దానికో బాణం గియ్యి. బయట దాకా లాగు. పేరు రాయడానికి జాగా వదులు."

"అక్కడ కండ లేదు కదా. ఏం పేరు రాస్తారు?"

"నా పేరు."