రెండిళ్ల కారు

స్టీరింగు ముందు మా ఆయన, పక్కన నేను, వెనక సీట్లో బీమా కంపెనీ అమ్మాయి.

"అలా కాదు అమ్మమ్మా, సూటిగా చెప్పండి. ఆరు నెలలు ఈ రాష్ట్రంలో, ఆరు నెలలు ఆ రాష్ట్రంలో ఉంటారు. మరి కారుది ఏ ఊరని రాయను?"

"కారుకి ఇది పుట్టిల్లు, అది అత్తిల్లు అని రాసుకో తల్లీ. అదిగో, లైటు మిరపపండులా పండిపోయింది. ఈ సెంటర్లో ఎప్పుడూ ఇంతే. మనం రాగానే ఎర్రబడిపోతుంది, కొత్తకోడల్ని చూసిన అత్తగారి మొహంలా."

"ఆపాన్లేవే."

"పుట్టిల్లు, అత్తిల్లు అంటే మా కంపెనీ ఒప్పుకోదు. రెండు చోట్లా రాయించుకోకపోతే, రేపు అక్కడ ఎవరికైనా తగిలిందనుకోండి, మాకు సంబంధం లేదు పొమ్మంటారు."

"అయ్యో, రాయించుకోవడానికేగా నిన్ను ఎక్కించుకుంది! ఇక్కడ చలి మొదలైందంటే ఈయనకి ఊపిరాడదమ్మా. పోయినేడు బయల్దేరడం కాస్త ఆలస్యమైతే ఆస్పత్రిలో పడేసి ముక్కుకి గొట్టాలు పెట్టారు. ఆఁ, పచ్చబడింది, చిలక రెక్కలా. అక్కడైతే సముద్రం గాలి, ఈయనకి పడుతుంది. కానీ ఆ ఇల్లు ఊరికి దూరం. కారు లేకపోతే మందుబిళ్లక్కూడా దిక్కులేదు."

"అందుకే ఈ పరీక్ష. డెబ్బై దాటినవాళ్లు రెండో రాష్ట్రంలో కూడా బండి తిప్పుతామంటే, ఏజెంటు దగ్గరుండి చూడాలని మా కంపెనీ రూలు. తాతగారూ, కళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లారు?"

"ఇదుగో అమ్మాయ్, ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను. నా హారన్ విని జనం గడియారాలు సరిచేసుకునేవాళ్లు."

"నేనడిగింది కళ్ల సంగతి..."

"ఆ సైకిలబ్బాయిని చూశావా తల్లీ, ఎర్ర చొక్కా, మన ముందే, రోడ్డు వాళ్ల తాతదన్నట్టు మధ్యలో పోతున్నాడు? అచ్చం మా చిన్న తమ్ముడే. వాడూ అంతే, మనమే నెమ్మదించి పక్కనుంచి పోవాలి గానీ వాడు తప్పుకోడు. ఆఁ, దాటేశాం."

"అమ్మమ్మా, నేను తాతగారితో మాట్లాడుతున్నా."

"మాట్లాడు, మాట్లాడు, నేనొద్దన్నానా? ఆ మందుల షాపు దగ్గర ఎడమకి తిరిగితే మా దర్జీ ఇల్లు... ఇదే, ఇదే ఎడమ..."

"తెలుసులేవే! తిరుగుతున్నాగా!"

"కసురుకోకండి, పరాయి పిల్ల ముందు."

"సరే, ఇది చెప్పండి. ఈ కారు నడిపేది ఎంతమంది? మీరూ నడుపుతారా అమ్మమ్మా?"

"నేనా? నోరు తప్ప ఇంకేదీ నడపడం రాదు నాకు. ఆయనొక్కరే. రాసుకో, ఒక్కరే అని రాసుకో."

"రాశాను. ఇప్పుడు ఒక్క పని చేయండి. ఆ చివర స్కూలు దాకా మాట్లాడకుండా కూర్చోండి."

"అదేంటమ్మా?"

"మీరు మాట్లాడుతుంటే నాకు ఆయన డ్రైవింగ్ కనిపించట్లేదు."

"నా నోరు ఊరుకోదమ్మా. నేను పుట్టినప్పుడే మా నాయనమ్మ అందిట..."

"అమ్మమ్మా. సంతకం పెట్టాల్సింది నేను."

"ఏమే?"

"ఆవిడ మాట్లాడరు తాతగారూ. మీరు పోనివ్వండి."

"ఏమే, మాట్లాడవే! దర్జీ ఇల్లు దాటామా?"

"అదేంటి తాతగారూ, పక్కనే... కాస్త నెమ్మదిగా. ఎదురుగా..."

"ఏమే!"

"ఏవండీ, ఆపండి! పాప! పాపండీ, ఆపండి!"

"అయ్యో, అయ్యో, దేవుడా... తగిలిందటే?"

"తగల్లేదు. తగల్లేదండీ, ఊపిరి తీసుకోండి. అదిగో పోతోంది, సంచి ఊపుకుంటూ పోతోంది, దానికసలేం జరిగిందో కూడా తెలీదు. తగల్లేదు."

"తాతగారూ, బ్రేకు మీంచి కాలు తీయకండి. ఆ పిల్ల పసుపు గౌను వేసుకుని రోడ్డు మధ్యలో నిలబడింది. నేను వెనక సీట్లోంచి చూశాను. మీరు..."

"బెదిరిపోయారమ్మా, అంతే! ఎండ కళ్లలో పడింది. నువ్వు నన్ను నోరు మూసుకోమనకపోతే..."

"మూసుకోమనకపోతే ఏమయ్యేది అమ్మమ్మా?"

"ఏవండీ, మీరైనా చెప్పండి. ఎండేనని చెప్పండి. చలికాలం వచ్చేస్తోందండీ."

"ఇక ఊరుకోవే. అమ్మాయ్, ఇందాక రాసింది కొట్టెయ్. ఈ కారు నడిపేది ఒక్కరు కాదు, ఇద్దరం. చేతులు నావి, కళ్లు ఆవిడవి."