పచ్చ టోపీలోళ్లు

వికారాబాద్ బస్టాండు. పొద్దు గూకుతున్నది. తాండూరు బస్సు కోసం మొగుడు పెండ్లాలు బల్ల మీద కూసున్నరు.

"ఫ్యాక్టరీ గేటు కాడ ఏమైందయ్యా? అడుగుతున్న గద."

"ముందుగాల మీ అన్న ఎట్లున్నడో చెప్పు నవనీతా."

"ఎట్లుంటడు? ఫ్యాక్టరీల కాగిన సిమెంటు పొడి మీదవడ్డ మనిషి ఎట్లుంటడు? మెడ కాడికెల్లి నడుం దాంక పట్టీలు చుట్టిండ్రు. మాట వస్తలేదు. మొగులమ్మ వదిన పక్కకు కూసోని ఈగలు తోలుతున్నది. ఇంటికి వోయి నాలుగు బట్టలు పట్టుకొని పొద్దుగాల మళ్ల వస్తనని చెప్పి వచ్చిన."

"డాక్టర్ ఏమంటడు?"

"హైదరాబాద్ తీస్కపొమ్మంటడు. ఇగ నువ్వు చెప్పు. అందరు ధర్నకు కూసున్నరా?"

"కూసున్నం. పచ్చ టోపీలోళ్లం ఒక్కలం గూడ లోపటికి పోలే. కాంట్రాక్టోళ్లు లేకుంటె లోడింగ్ ఏడిది? లారీలు మెయిన్ రోడ్డు దాంక ఆగినయ్."

"తెల్ల టోపీలోళ్లు?"

"పర్మినెంటోళ్లా?"

"ఇంకెవ్వరు?"

"డ్యూటీకి వోయిండ్రు."

"మీ ముందటికెల్లేనా?"

"మమ్ముల దాటుకుంట. కొందరు తలకాయ దించుకోని వోయిండ్రు. చంద్రకాంత్ అయితె నా భుజం మీద చెయ్యేశిండు. మీరు చేస్తున్నది కరెక్టే తమ్మీ అని లోపటికి వోయిండు."

"థూ! మా అన్న పక్కకే పనిచేస్తడు గద ఆయన? జామైన గొట్టాన్ని ఇద్దరు కలిశే పొడుస్తుండ్రి గద? ఆయనకేమో మంట తగలకుండ సూటు, మా అన్నకు చిరిగిన బనీను. ఇప్పుడు కరెక్టే అంటడా?"

"ఆయన ఒక్కడే ఏం జేస్తడు?"

"ఒక్కడేనా? మీ యూనియన్ ఏడ సచ్చింది?"

"వచ్చింది. పాండురంగం వచ్చిండు. ప్రెసిడెంటే సొంతంగ వచ్చిండు. జెండా పట్టుకొని, కార్మికుల ఐక్యత వర్ధిల్లాలె అని ఒర్రిండు. మేము గూడ ఒర్రినం. ఫోటోలు దిగిండ్రు."

"ఐక్యత అంటె తెల్ల టోపీలోళ్లను గూడ ఆపాలె గద."

"గదే అడిగిన. ఒక్క షిఫ్టు ఆపు సార్, భట్టీ సల్లారితె మేనేజరే ఉరికొస్తడు అన్న."

"ఏమన్నడు?"

"పర్మినెంటోళ్ల జీతాల అగ్రిమెంటు సంతకాల మీదికి వచ్చిందట. ఇప్పుడు పని ఆపితె అంత ఖరాబైతదట."

"గా అగ్రిమెంట్ల మన ముచ్చట ఏమన్న ఉన్నదా?"

"లేదు. మనం కంపెనీ లెక్కలకు రామట."

"మరి చందా లెక్కలకు ఎట్లొస్తం? చందాకొచ్చినప్పుడు అందరం కార్మికులమే. యూనియన్ ఓట్లప్పుడు మనకు ఓటుండదు."

"గా మాట గూడ అన్న."

"అంటె?"

"నవ్విండు. పరమేశ్, నీల లీడర్ లక్షణాలున్నయ్, జర లోపటికి రా అన్నడు."

"లోపటికి అంటె?"

"మేనేజర్ రూముకు."

"పోయినవా?"

"మాట్లాడాలె గద నవనీతా. రోడ్డు మీద కూసుంటె ఎన్ని దినాలు కూసుంటం?"

"సరే. పోయినవ్. తరువాత?"

"ప్రెసిడెంటూ మేనేజరూ ఒకటే సోఫాల కూసున్నరు. మేనేజర్ ఆయనను పాండూ, పాండూ అంటున్నడు. నన్ను ఎదురుంగ కుర్చీల కూసోవెట్టిండ్రు."

"మా అన్న ముచ్చట తీశినవా?"

"తీశిన. ఎల్లప్ప మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి, మాకేం సంబంధం అన్నడు మేనేజర్."

"మన పెండ్లి కాకముందు సంది గా గొట్టాలే పొడుస్తున్నడు మా అన్న. మా మనిషి కాదంటడా? కాలినంక కాకుండ వోయిండా?"

"కాయిదంల కాదట."

"మరి గా కాంట్రాక్టర్ ఎవ్వడో పిలువుండ్రి అనకపోయినవా? ఇన్నేండ్లు పనిచేస్తున్నం, వాని మొఖమే చూడకపోతిమి."

"అన్న. అంటె మేనేజర్ ప్రెసిడెంటు దిక్కు చూశిండు. ప్రెసిడెంటు చాయ్ కప్పు దిక్కు చూశిండు."

"ఎందుకు?"

"కాంట్రాక్టు అనూషమ్మ పేరు మీద ఉన్నదట."

"ఏ అనూషమ్మ?"

"ప్రెసిడెంటు కోడలు. నాకు గూడ గప్పుడే తెల్సింది."

"హైదరాబాద్‌ల ఉంటది గద గా పిల్ల! ఫ్యాక్టరీ గేటన్న చూశిందా ఎన్నడు?"

"పేరు ఆమెది. నడిపేది మామ."

"అంటె మన జీతాలల్ల కోసుకునేటోడు, మన తరఫున కొట్లాడుత అని చందాలు దీస్కునేటోడు ఒక్కడేనా? సూటియ్యనోడూ వాడే, సూటు ఎందుకియ్యలే అని గేటు కాడ ఒర్రేటోడూ వాడేనా?"

"మెల్లగ మాట్లాడు. చూస్తున్నరు."

"చూడనీ. నీకేమనిపించలేదా?"

"గిదేంది సార్ అని మొఖం మీదనే అడిగిన."

"వాడు సిగ్గువడ్డడా?"

"ఎక్కడి సిగ్గు? బయిటోడు తింటె మంచిగుంటదా, మనోడు తింటె తప్పయితదా అన్నడు. నా ముందటికి జీడిపప్పు బిస్కీట్లు జరిపిండు."

"నువ్వు తిన్నవా?"

"ఒకటి."

"ఛీ! మా అన్న గొంతులకు నీళ్లు చెంచతోటి పోస్తున్నం ఆడ."

"చేతిల వెడితె ఏం జెయ్యాలె?"

"ఆడికెల్లి లేశి వచ్చి అందరికి చెప్పినవా, కాంట్రాక్టర్ ఎవ్వడో?"

"చెప్దామనే లేశిన."

"చెప్పినవా?"

"అగో, బస్సొస్తున్నది."

"గది పరిగి బస్సు. చెప్పినవా?"

"లేదు."

"వాళ్లింక గేటు కాడ్నే కూసున్నరా?"

"లేశిండ్రు."

"పోలీసోళ్లు లేపిండ్రా?"

"కాదు."

"మరెవ్వరు?"

"నేనే."

"నువ్వా? కూసోవెట్టింది నువ్వే గద!"

"మరి ఏం జెయ్యమంటవ్? బావను హైదరాబాద్‌ల మంచి దవాఖాన్ల చూపిస్తమన్నరు. నేను ఒప్పుకోకుంటె గీడనే వడి ఉంటుండె. రేపు ఏమన్న అయితె నన్ను అంటవ్."

"గంతేనా?"

"గంతే."

"నా దిక్కు చూశి చెప్పు."

"తిట్టకు మరి. కాంట్రాక్టు మనకే ఇస్తమన్నరు."

"మనకంటె?"

"అనూషమ్మ నుంచి తీశి మనకు. నేను మస్తు సోంచాయించిన. ఎవ్వడో ఒకడు తినేదే గద, మనమే నడిపితె మనోళ్లకు మంచిగ చూసుకోవచ్చు. సూట్లిద్దాం, బూట్లిద్దాం."

"సూట్లు కొంటె నీకేం మిగుల్తది? మిగలదనే గద పాండురంగం కొనలే."

"నేను గట్ల చెయ్య."

"పాండురంగం గూడ ఒకప్పుడు గొట్టాలు పొడిచినోడే గద?"

"అవ్."

"గప్పుడు ఆయన గూడ గిట్లనే అని ఉంటడు."

"నన్ను వానితోటి కలుపుతవా?"

"నేను కలుపలే. నువ్వే వోయి పక్కకు కూసున్నవ్. నీ పేరు మీద రాశిచ్చిండ్రా?"

"నాకు యూనియన్ కమిటీల పోస్టు ఇస్తరట. లీడర్ పేరు మీద కాంట్రాక్టు ఉండొద్దట."

"మరెవ్వరి పేరు మీద?"

"నీ ఆధార్ ఫోటో నా ఫోన్ల ఉండె..."

"నా పేరు మీదనా?"

"నిన్ను అడుగుదామనే అనుకున్న. నువ్వు దవాఖాన్ల ఉంటివి."

"సంతకం?"

"నేనే వెట్టిన."

"అంటె రేపటి సంది నేను కాంట్రాక్టర్నా?"

"రేపటి సంది కాదు."

"మరి?"

"పోయిన నెల సంది అని రాశిండ్రు. లేబర్ ఆఫీసరొస్తె అనూషమ్మ పేరు రావద్దని. ఉట్టిగనే, నవనీతా. ఎవ్వరు అడుగరు."

"ఆగు. మా అన్న కాలింది మొన్న."

"ఊ."

"అంటె సూటియ్యకుండ మా అన్నను గా గొట్టం మీదికి ఎక్కిచ్చింది నేను."

"కాయిదంల. కాయిదంల మాత్రమే."

"కాయిదంల మా అన్న వాళ్ల మనిషే గాడు గద. రేపు మేనేజర్ ఏమంటడు? ఎల్లప్ప మా మనిషి కాదు, నవనీత మనిషి, వైద్యం నవనీతనే చేయిస్తది అంటడు."

"గట్లెందుకంటరు? మాటిచ్చిండ్రు."

"ఎవ్వరు? పాండురంగమా?"

"తాండూరు బస్సొచ్చింది. లే, ఇంటికి వోయినంక మాట్లాడుకుందాం."

"ఇంటికి గాదు, బస్సు దిగి సీదా ఫ్యాక్టరీకి. రాత్రి షిఫ్టోళ్లు లోపటికి పోకముందే గేటు కాడికి పోవాలె."

"నువ్వేం జేస్తవ్ ఆడ?"

"వాళ్లంత నా మనుషులే గద ఇప్పుడు? కాంట్రాక్టర్ను నేనే, పని బందు అని చెప్త. నన్ను కాంట్రాక్టర్ను చేసినోళ్లు ఎవ్వరెవ్వరో గూడ చెప్త, నీ పేరుతోటే మొదలువెడ్త."